వృక్షప్రతిష్ఠ : నాటుటయా, పోషించుటయా?



ఈ దేవస్థానము ధర్మకర్తలు ప్రతి సంవత్సరము వలెనే ఈ సంవత్సరము కూడ మమ్ము ఆదరముతో పిలిచి, ధర్మవిషయమొకటి ఎన్నుకొని నాలుగు మాటలు చెప్పుమని కోరినారు. వేదము చదువుకొన్నవారము గనుక యజ్ఞమును గూర్చియో, స్వరమును గూర్చియో చెప్పుదుమని మీరు తలచియుందురు. నేడు మేము ఎన్నుకొన్నది చెట్టును గూర్చి. తనంత తాను పెరిగిన అడవి చెట్టును గూర్చి చెప్పబోవుట లేదు. ఊరి నడుమ, దారి ప్రక్కన, చెరువు గట్టున, గుడి ప్రాంగణములో మనుష్యుడు బుద్ధిపూర్వకముగా నాటి పెంచిన చెట్టును గూర్చి చెప్పెదము. దానికొక చరిత్ర కలదు. ఆ చరిత్రను వరుసగా చెప్పి, అందునుండి మా బుద్ధికి తోచిన ఒక మాటను, మేము చేసిన ఒక తప్పును చివర మీ ముందుంచెదము.

మన శాస్త్రములు సత్కర్మలను ఇష్టమని, పూర్తమని రెండుగా విభజించినవి. అగ్నిహోత్రము మొదలగు యజ్ఞకర్మలు ఇష్టము. నూతులు, దిగుడుబావులు, చెరువులు, దేవాలయములు, అన్నదానము, తోటలు, ఇవి పూర్తము. నేటివారు ప్రజోపయోగ నిర్మాణములని దేనిని అనుచున్నారో, అదియే స్థూలముగా పూర్తమని తెలియునది. ఇందు గమనింపదగిన విశేషమొకటి ఉన్నది. ఆరామము, అనగా తోట, ఈ పట్టికలో చెరువుతోను దేవాలయముతోను ఒకే పంక్తిలో కూర్చున్నది. కట్టడమంతయు ముగిసిన పిమ్మట మిగిలిన మూలలో పెట్టు పూలకుండీకి ఇట్టి గౌరవము లేదు. పూర్తమను శబ్దము నింపుట అను అర్థము గల ధాతువునుండి పుట్టినది. నూయి త్రవ్వినంత మాత్రమున పని తీరలేదు. అందు నీరు నిండవలెను. మొక్క పాతినంత మాత్రమున పని తీరలేదు. అది పెరిగి నీడ నిండవలెను. ఈ ఒక్క శబ్దమును మనసులో ఉంచుకొని చరిత్రలోనికి పోదము.

దారి చెట్లను గూర్చి మన దేశములో నేటికిని చదువుటకు దొరకు అతి ప్రాచీనమైన రాజశాసనములు అశోకునివి. క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దమునాటివి. వాటిని చూచుటకు మనము పాటలీపుత్రము పోనక్కరలేదు. మన కర్నూలు జిల్లాలోని ఎర్రగుడి కొండరాళ్ళమీద అశోకుని శిలాశాసనములు చెక్కబడి ఉన్నవి. వాటిలో రెండవ శాసనము మనుష్యులకును పశువులకును చికిత్స ఏర్పాటు చేసిన సంగతిని, ఓషధులు లేని చోట్లకు తెప్పించి నాటించిన సంగతిని, దారుల వెంట నూతులు త్రవ్వించి చెట్లు పెట్టించిన సంగతిని చెప్పుచున్నది. ఉత్తరదేశమున తోప్రా గ్రామములో నిలిపిన స్తంభమొకటి కలదు. దానిని 14వ శతాబ్దములో ఫిరోజు షా ఢిల్లీకి తరలించినాడు. ఆ స్తంభముమీది ఏడవ శాసనములో మఱ్ఱిచెట్ల నీడను గూర్చియు, మామిడితోపులను గూర్చియు, బావులను గూర్చియు, బాటసారులు విశ్రమించు చోట్లను గూర్చియు వివరముగా ఉన్నది.

ఈ శాసనములలో రెండు విషయములు మమ్ము ఆకర్షించినవి. మొదటిది, నీడ ఎవరికని చెప్పునప్పుడు మనుష్యులతో పాటు పశువులను కూడ ఆ రాజు చేర్చినాడు. ఎండలో బరువు లాగునది ఎద్దు గనుక దారి చెట్టు నీడపై దానికిని హక్కున్నదని అతని భావము. రెండవది, పూర్వపు రాజులును ఇట్టి సౌఖ్యములను కలిగించినారని ఒప్పుకొని, తాను మాత్రము ప్రజలు ధర్మమార్గమున నడచుటకై ఇది చేసితినని అతడు చెప్పుకొన్నాడు. అనగా దారి చెట్టు ఒక పాఠము. దాని క్రింద కూర్చున్నవాడు తాను కూడ మరియొకనికి నీడ కావలెనని నేర్చుకొనవలెను.

నాటిన చెట్టును కాపాడు బాధ్యత ఎవరిది? దీనికి సమాధానము కౌటిల్యుని అర్థశాస్త్రములో ఉన్నది. పూలు, పండ్లు, నీడ ఇచ్చు నగరోద్యానముల చెట్ల విషయములో ఆ గ్రంథము దండనలను మెట్లు మెట్లుగా నిర్ణయించినది. లేత చిగురును త్రుంచినచో 6 పణములు, చిన్న కొమ్మను నరికినచో 12 పణములు, పెద్ద కొమ్మకు 24 పణములు. బోదెను నరికినచో ప్రథమ సాహసదండము, చెట్టును సమూలముగా నాశనము చేసినచో మధ్యమ సాహసదండము. ఎల్లలయందును పుణ్యస్థలములయందును ఉన్న చెట్లకైనచో దండన రెట్టింపు. గుడిలోని చెట్టుకు కలిగించిన హాని సామాన్యమైన చెట్టుకు కలిగించిన హానికంటె రెండింతల నేరమని నాటివారు తలచినారు. ఈ మాటను మీరు గుర్తుంచుకొనవలెను. దీనితో మాకు తరువాత పని యున్నది.

6వ శతాబ్దమువాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయమునే కేటాయించినాడు. ఒడ్డున నీడ లేని జలాశయము మనోహరము కాదని, అందుచేత నీటి ఒడ్డులయందు తోటలు వేయవలెనని అతడు ఆ అధ్యాయమును ప్రారంభించినాడు. చెరువు గట్టున తెల్లమద్ది, మఱ్ఱి, మామిడి, జువ్వి, కడిమి, నేరేడు మొదలగు చెట్లు ఉండవలెనని మరియొక చోట చెప్పినాడు. చెట్టుకును చెట్టుకును నడుమ 20 హస్తములు ఎడమున్నచో ఉత్తమము, 16 మధ్యమము, 12కు తగ్గరాదు అని కొలత కూడ ఇచ్చినాడు. హస్తమనగా మన మూర. దగ్గర దగ్గరగా నాటినచో వేళ్ళు ఒకదానినొకటి పెనవేసికొని చెట్లు సరిగా ఫలింపవని కారణము చూపినాడు. నేడు పట్టణములలో రెండు అడుగులకొక మొక్క చొప్పున పాతి, లెక్క పుస్తకములో సంఖ్య పెంచుకొనువారు ఈ కొలతను ఒకసారి చూడవలెను.

ఇక మన తెలుగుదేశమునకు వత్తము. మన పెద్దలు సప్తసంతానములని చెప్పుదురు. కుమారుడు, నిధి, దేవాలయము, అగ్రహారము, తటాకము, వనము, కృతి, ఇవి ఏడు. వనమును సంతానమనుటలోని ఆంతర్యమేమి? బిడ్డను కన్నంత మాత్రమున తండ్రి బాధ్యత తీరదు. పాలు పోయవలెను, జ్వరము వచ్చిన వైద్యము చేయించవలెను, నడక వచ్చువరకు చేయి పట్టుకొనవలెను. వనమును కన్నవానికిని ఆ బాధ్యత తప్పదు. మత్స్యపురాణము ఒక్క వృక్షమును పదిమంది పుత్రులతో సమానము చేసినది. అంతటితో ఆగక, చెరువునకు ప్రతిష్ఠావిధిని చెప్పిన వెంటనే చెట్లకును అట్టి ఉత్సవవిధిని చెప్పినది. ప్రతిష్ఠించిన విగ్రహమునకు నిత్యనైవేద్యము మానరాదని మనకందరకు తెలియును. ప్రతిష్ఠించిన వృక్షమునకు నీరు మానుట ఎట్లు తగును?

నిర్మాణము, పోషణ విడదీయరానివని మన శాసనములును చెప్పుచున్నవి. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369వ సంవత్సరమున బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు అనంతరాజసాగరమను చెరువును కట్టించినాడు. ఆ పనికి 2 సంవత్సరములు పట్టినది. దినమునకు 1000 మంది పనివారు శ్రమించినారు. 100 బండ్లు రాళ్ళు తోలినవి. మంచి చెరువునకు కావలసిన అంగములు పన్నెండనియు, దోషములు ఆరనియు ఆ శాసనము పేర్కొన్నది. కొండ, ఏరు, నేల, రాయి, పనివాడు, రాజు, అందరును అన్నియు ఆ లెక్కలో ఉన్నవి. ఆ శాసనము ఉన్నది భైరవాలయము ముందు. ఊరి చెరువు లెక్కను దేవుని ఎదుట నిలుపుట మన పద్ధతి. అంతియే కాదు, చెరువులను మరమ్మతు చేయుచు కాపాడువారికి దశబంధమను పేరుతో మాన్యములు ఇచ్చు ఆచారము రాయలసీమలో చిరకాలము సాగినది. కట్టినవానికి కీర్తి, కాచువానికి భుక్తి, రెండును ఏర్పరచినారు.

తోటల విషయమున తిరుమలను తలవకుండుట ఎట్లు? అచ్చటి శాసనములలో స్వామివారి నందనవనములకు చేసిన ఏర్పాట్లు కానవచ్చును. రామానుజుల ఆజ్ఞను శిరసావహించి అనంతాళ్వారు కొండమీదికి పోయి, చెరువు త్రవ్వి, తోట పెంచి, తన జీవితమంతయు స్వామికి పుష్పకైంకర్యము చేసినాడని సంప్రదాయము. ఆయన గునపమును మహాద్వారము వద్ద భక్తులు నేటికిని దర్శించుచున్నారు. ఆలోచింపుడు. ఆ ద్వారమున భక్తుల కంటబడునది మట్టి త్రవ్విన పనిముట్టు. తోట వేయుట ఒకనాటి ఉత్సవముతో ముగియదని, అది నిత్యకైంకర్యమని ఆ గునపము ఉపదేశించుచున్నది.

ఇప్పటివరకు ప్రాచీనచరిత్ర చెప్పినాము. ఇక సమీపకాలమున, మన భాగ్యనగరములో జరిగిన సంగతి వినుడు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనదికి వచ్చిన వరద హైదరాబాదు చరిత్రలో మరువరానిది. ఎగువనున్న చెరువులు రెండు వందలకు పైగా ఒకదాని వెంట ఒకటి తెగి, నగరముమీద పడినవి. వేలకొలది ప్రజలు కొట్టుకొనిపోయినారు. ఆ ప్రళయములో, నేడు ఉస్మానియా ఆస్పత్రి ఉన్న ఆవరణలోని ఒక చింతచెట్టును సుమారు 150 మంది ఎక్కి ప్రాణములు దక్కించుకొన్నారు. ఇండ్లు కూలిన చోట, వంతెనలు మునిగిన చోట ఆ చెట్టు నిలిచినది. ఆ చెట్టు పాదున మొదటి చెంబెడు నీరు పోసినవాని పేరు ఏ కవియు పాడలేదు. కాని 150 కుటుంబములు వానికి ఋణపడినవి.

వరద పిమ్మట నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించినది. వారు చేసిన సూచనల ఫలితముగా మూసీమీద ఉస్మాన్ సాగరు 1920లోను, ఈసామీద హిమాయత్ సాగరు 1927లోను పూర్తియైనవి. ఈ రెండు జలాశయములను గూర్చి అందరు చెప్పుదురు. వారు చెప్పిన మరియొక మాటను తక్కువమంది తలచెదరు. నగరములో నది రెండు గట్లను ఎత్తుచేసి, వాటి వెంట విశాలమైన దారులను, ఉద్యానములను ఏర్పరుపవలెనని వారు సూచించినారు. ఆ ఇంజనీరు లెక్కలో తోట విలాసవస్తువు కాలేదు. నది పొంగినప్పుడు నీటికి చోటు, పొంగనప్పుడు ప్రజలకు నీడ, రెండును ఒకే స్థలము ఇవ్వవలెను. అటుపిమ్మట నగరాభివృద్ధి మండలి ఏర్పడి, నది ఒడ్డును తీర్చిదిద్దు పనిని చేపట్టినది. నది ఒడ్డున హైకోర్టు, ఆస్పత్రి వంటి ఘనమైన భవనములు లేచినవి. వాటి ముంగిట ఉద్యానములు వెలసినవి. శాస్త్రములు పూర్తమని చెప్పినదానిని ఆయన తన విద్యతో కనుగొన్నాడని మేము తలచుచున్నాము. ఆ తరువాతి తరములు ఆ నదిని, ఆ గట్లను ఏ స్థితికి తెచ్చినవో మీరందరు చూచుచునే ఉన్నారు. కట్టిన చేతులు వేరు, కాపాడవలసిన చేతులు వేరు అనుకొన్నచో ఎట్లుండునో మూసీయే సాక్ష్యము.

స్వతంత్రము వచ్చిన పిమ్మట 1950లో, కేంద్ర వ్యవసాయ మంత్రిగా నున్న కె.ఎం.మున్షీగారు వనమహోత్సవమును ప్రారంభించినారు. 2002లో మన ఉమ్మడి రాష్ట్రమున నీరు, భూమి, చెట్ల రక్షణకై చట్టము వచ్చినది. 2015లో తెలంగాణలో హరితహారము మొదలైనది. ఇవన్నియు మంచి పనులే. వీటిని నిందించుట మా ఉద్దేశము కాదు. కాని మొక్క నాటునాడు ఉండు మేళతాళములు, ఆ మొక్కకు మూడవ వేసవి వచ్చునప్పటికి ఉండవు. వేళ్ళు లోతునకు దిగి తన నీటిని తాను వెదకికొనువరకు, రెండు మూడు వేసవులు మొక్కకు పసితనమే. ఆ కాలములో నీరు పోసినవాడే దానికి నిజమైన తండ్రి.

పెరిగిన చెట్టును కాచుట మరింత కష్టము. పాలమూరు సమీపములోని పిల్లలమఱ్ఱి 3 ఎకరములకు పైగా ఊడలు దింపిన మహావృక్షము. దానికి చెదలు పట్టి, 2017లో ఒక పెద్ద కొమ్మ విరిగినది. అప్పుడు సందర్శకులను ఆపి, రోగికి సెలైను ఎక్కించినట్లు సీసాలు వ్రేలాడదీసి, చెదలమందును బొట్టు బొట్టుగా కొమ్మలలోనికి ఎక్కించినారు. వ్రాలిన కొమ్మలకు ఊతములు పెట్టినారు. చెట్టును రోగిగా చూచి వైద్యము చేసినవారికి మా నమస్కారము. అట్లే హైదరాబాదునుండి చేవెళ్ళ మీదుగా బీజాపూరు పోవు రహదారిమీద సుమారు 900 మఱ్ఱిచెట్లు ఉన్నవి. దారిని వెడల్పు చేయు ప్రయత్నము వచ్చినప్పుడు, వాటిని కాపాడవలెనని ప్రకృతిప్రియులు హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించినారు. దారి కావలెనా, చెట్టు కావలెనా అని కొందరు అడుగుదురు. అశోకుని శాసనము చదివినవానికి ఈ ప్రశ్నయే వింత. దారియును చెట్టును ఒకే పనిలోని రెండు అంగములని ఆ శాసనము చెప్పుచున్నది గదా!

ఇక మా తప్పును చెప్పవలసిన సమయము వచ్చినది.

మేము బాల్యములో చదువుకొన్న పాఠశాల ఒక గుడిని ఆనుకొని ఉండెడిది. ప్రాంగణములో పెద్ద రావిచెట్టు. తెల్లవారుజామున మా గురువుగారు ఆ చెట్టుక్రింద కూర్చుండి మాకు సంత చెప్పెడివారు. విద్యార్థులు స్నానము చేసి వచ్చునప్పుడు తలకొక చెంబు నీరు తెచ్చి చెట్టు మొదట పోయవలెనని నియమము. ఎందులకని అడిగితిమి. మీరు దాని నీడను తినుచున్నారు, దానికి మీరు నీరు పెట్టవలదా అని గురువుగారు నవ్వినారు.

చాలా సంవత్సరముల తరువాత ఆ గుడికి జీర్ణోద్ధారణ జరిగినది. వర్షము వచ్చిన భక్తుల కాళ్ళకు బురద అంటుచున్నదని, ప్రాంగణమంతయు సిమెంటు చప్టా చేసి బండలు పరువవలెనని నిర్వాహకులు సంకల్పించినారు. రావిచెట్టు చుట్టు మట్టి నింపి, ఎత్తైన అరుగు కట్టి, బోదెను తాకునట్లు నునుపురాళ్ళు పొదిగించవలెనని నిర్ణయించినారు. మమ్ము సలహా అడిగినారు. శుభ్రముగా ఉండును, ప్రదక్షిణమునకు సుఖముగా ఉండునని మేము సమ్మతించితిమి. ముహూర్తము పెట్టినదియు మేమే. మొదటి సంవత్సరము ఏమియు తెలియలేదు. రెండవ సంవత్సరము చిగురు పలుచబడినది. తరువాత పై కొమ్మలు ఎండుటకు మొదలైనవి. అయిదవ సంవత్సరము వైశాఖములో చిగురు రాలేదు. చెట్టును కొట్టివేయునాడు మేము అక్కడనే ఉన్నాము. అశ్వత్థప్రదక్షిణ ఫలమును ఎన్నో సభలలో వర్ణించిన మా నోట ఆనాడు మాట రాలేదు.

తరువాత తెలిసికొంటిమి. చెట్టుకు ఆహారము తెచ్చు సన్నని వేళ్ళలో అధికభాగము నేల పైపొరలోనే, రెండు మూడు అడుగుల లోతులోపలనే వ్యాపించియుండును. వాటికి నీరు ఎంత అవసరమో, గాలియు అంత అవసరము. పైన చప్టా వేసినచో వాన లోపలికి ఇంకదు, గాలి ఆడదు. మొదలుచుట్టు మట్టి ఎత్తు చేసినచో బోదె బెరడు కుళ్ళును. చెట్టు ఒక్కనాడు చావదు గనుక చంపినవాడెవడో లోకము గుర్తింపదు. గొడ్డలి పట్టినవాడు ఒక్కడే దోషి అనుకొనుచున్నాము. మేము గొడ్డలి పట్టలేదు, ముహూర్తము పెట్టితిమి. కౌటిల్యుడు పుణ్యస్థలములోని చెట్టుకు రెట్టింపు దండన చెప్పినాడని మీకు ముందు చెప్పితిమి. ఆ దండనకు పాత్రులలో మేము కూడ ఉన్నాము.

2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలోని చెట్ల మొదళ్ళచుట్టు 1 మీటరు మేర సిమెంటును తొలగింపవలెనని ఆదేశించినది. ఆ వార్త విన్ననాడు మా రావిచెట్టు కన్నులలో మెదలినది. ఆ మాట మాకు ముందే తోచియుండిన ఎంత బాగుండెడిది!

బంధువులారా! ఈ దేవస్థానమునందును నూతన మండపము ముందరి ఆవరణకు రాతి పరుపు వేయవలెనని ధర్మకర్తలు ఆలోచించుచున్నారు. ఆ ఆవరణలో రావి, వేప జంటగా ఉన్నవి. ఒక మారేడు ఉన్నది. మేము వృద్ధులము. మాకు ధనము లేదు, అధికారము లేదు. అడుగుటకు నోరు మాత్రమున్నది. మా విన్నపములు నాలుగు.

మొదటిది, ప్రతి చెట్టు మొదలునుండి నాలుగు వైపులను కనీసము 4 మూరలు వట్టి మట్టిగా విడువుడు. కొమ్మలు వ్యాపించినంత మేర విడువగలిగిన మరింత మేలు. బోదెను తాకునట్లు అరుగు కట్టవలదు, మట్టి ఎత్తు చేయవలదు. రెండవది, తక్కిన చోట బండలు పరచినను, వాటి నడుమ సందులను సిమెంటుతో పూడ్చక ఇసుకతో నింపుడు. వాన నేలలోనికి ఇంకును. మూడవది, అభిషేకజలము మురుగు కాలువకు పోకుండ చెట్ల పాదులకు మలపుడు. పాలు, నెయ్యి, కర్పూరము కలిసిన నీరు మాత్రము వేరుగా పోవలెను. అది వేళ్ళకు మేలు చేయదు. నాలుగవది, ఎవరైన తమవారి పేర మొక్క నాటించుటకు వచ్చినచో, శిలాఫలకమునకు ముందు మూడు వేసవుల నీటికి ఏర్పాటు అడుగుడు. ఆ ఏర్పాటు లేనివానిచేత మొక్క నాటింపవలదు.

భక్తుల కాళ్ళకు బురద అంటునని ఎవరైన అన్నచో, కాళ్ళు కడుగుకొనుటకు కుళాయి పెట్టించుడు. కాలి బురద చెంబెడు నీటితో పోవును. ఎండిన రావిచెట్టుకు ఎన్ని కడవలు పోసినను చిగురు రాదు. ఈ మాట మేము చూచి చెప్పుచున్నాము.

రేపటి ఉదయము పాఠశాల పిల్లలు స్నానము చేసి వచ్చునప్పుడు తలకొక చెంబు నీరు తెత్తురు. వారితో మేమును తెచ్చెదము. మీలో వీలున్నవారు రావలెనని కోరుచున్నాము.

శుభం భూయాత్.